నీరుపట్టినట్టున్న ఆపిల్ తినవచ్చా?

“మా అత్తగారికి మధుమేహం. ఆమె కోసం ఫ్యూజీ ఆపిల్ పళ్ళు తెప్పించాం. కోసి చూస్తే గింజల చుట్టూ నూనె మరక పడ్డ కాగితంలా ఉంది. సూదితో పంచదార పాకం ఎక్కించి ఉంటారని పక్కింటివారు అన్నారు. భయపడి అన్నీ పారేశాం. సబబేనా?” అని ఒక సోదరి రాశారు.

అమ్మా, మంచి పళ్ళే పారేశారేమో! సూదితో పాకం ఎక్కిస్తే కాయ కుళ్ళుతుంది గాని, గింజల చుట్టూ పూరేకుల్లా సమంగా మెరవదు. అది ఆ పండు స్వభావం.

ఫ్యూజీ పుట్టిల్లు జపాను. ఉత్తరాన అవొమొరి ప్రాంతంలోని ఫుజిసాకి పరిశోధన కేంద్రంలో 1939లో రాల్స్ జానెట్, రెడ్ డెలిషియస్ అనే రెండు అమెరికా రకాలను సంకరం చేశారు. 1962లో దానికి ఫ్యూజీ అని పేరు పెట్టారు. గట్టి కండ, కరకరలాడే గుణం, నిండా రసం, పులుపు తక్కువ. మన మామిడిలాగే అంటు కట్టి పెంచవలసిందే; గింజ నాటితే తల్లి గుణం రాదు. తన పుప్పొడితో సరిగా కాయదు కనుక పక్కన మరో రకం చెట్టుండాలి. చలికాలం చెట్టుకు చాలినంత చలి తగలాలి. మన మైదానాల్లో అదెక్కడిది? హిమాచల్ కొండల్లో మాత్రం పండిస్తున్నారు.

జపాను రైతు ఓపిక చూడాలి. గుత్తికి ఒక్క పిందె ఉంచి తక్కినవి గిల్లేస్తాడు. దానికి కాగితపు సంచి తొడిగి, కోతకు ముందు విప్పుతాడు. అప్పుడు ఎండ తగిలి ఎర్రబడుతుంది. అసలు సంచి తొడగకుండా పెంచిన కాయకు రంగు తక్కువైనా తీపి ఎక్కువ. ఫ్యూజీ ఆలస్యంగా పండుతుంది. అక్కడ అక్టోబరు చివర, నవంబరులో కోస్తారు. ఆకుల్లో తయారైన సార్బిటాల్ అనే తీపి పదార్థం కాయలోకి చేరి చక్కెరలుగా మారుతుంది. కాయ బాగా ముదిరాక ఆ మార్పు మందగించి, మిగిలినది నీటితోపాటు కణాల మధ్య ఖాళీల్లో నిలుస్తుంది. మీరు చూసిన మెరుపు అదే. జపానువారు దాన్ని ‘తేనె’ అని పిలిచి, ఇష్టపడి కొనుక్కుంటారు!

అయితే అలాంటి పండు ఎక్కువకాలం నిలవదు. లోపల గోధుమరంగుకు తిరిగినా, మెత్తబడినా, సారా వాసన వచ్చినా పారేయండి. గట్టిగా, మంచి వాసనతో ఉంటే నిస్సంకోచంగా తినండి.

ఇక అత్తగారి సంగతి. ఆపిల్ రోగుల పండు కదా, ఎంత తిన్నా ఫరవాలేదనుకోవడం పొరపాటు. నూరు గ్రాముల ఆపిల్‌లో సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. ఫ్యూజీలో మరికాస్త ఎక్కువే. పెద్ద పండైతే సగం చాలు. బాగా కడిగి, తొక్కతోనే ఇవ్వండి. అన్నం తిన్న వెంటనే కాక ఉదయం పదకొండు ప్రాంతంలో ఇస్తే మేలు. రసం తీయవద్దు; పీచు పోయి చక్కెర మిగులుతుంది. కొందరికి సార్బిటాల్ పడక కడుపుబ్బరం, విరేచనాలు అవుతాయి. అలా అయితే మానండి. ఇన్సులిన్, మాత్రలు వాడేవారికి చెమటలు పట్టి, వణుకు వచ్చి చక్కెర పడిపోయినప్పుడు ఆపిల్ ముక్క అందుకోకండి. అప్పుడు గ్లూకోజు నీళ్ళో, పంచదార నీళ్ళో వెంటనే పట్టాలి. స్పృహ లేకుంటే నోట ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఆపిల్ కొనే స్తోమత లేదని బాధపడేవారికి ఒక మాట. ‘సి’ విటమిన్ విషయంలో మన జామకాయ ముందు ఆపిల్ ఏ మూలకూ చాలదు. అత్తగారికి పళ్ళు కదులుతుంటే రెండింటినీ సన్నగా తరిగి ఇవ్వండి.