బూటు ముక్కు అరిగిన తప్పు ఎవరిది?

బీదరు పట్టణమందును, పరిసర గ్రామములందును కట్టడపు కాంట్రాక్టులు, రాతి గనులు, గోదాములు నడుపుచున్న మన తెలుగు గృహస్థులలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. కూలివానికి ఏడాదికొక జత బూట్లు ఇచ్చినను నాలుగు నెలలు నిలుపుకొనలేడనియు, ముక్కు చిరుగగొట్టుకొని వచ్చి మరల చేయి చాచుననియు, వానికి వస్తువు విలువ తెలియదనియు ఆ మాట. కొందరు ఇంకొక అడుగు ముందునకు వేసి, రెండవ జత వెలను వాని కూలిలో విరుచుకొనుచున్నారు. ఈ మాట అసత్యము. ఈ పద్ధతి అన్యాయము. ఇంత చిన్న విషయమునకు సంఘ పత్రికలో చోటెందుకని నవ్వువారు, ఒక్క దినము ఆ చిరిగిన బూటులో తమ కాలు పెట్టి చూడవలెనని మా మనవి.

ముందుగా మన నేలను చూడుడు. బీదరు పీఠభూమి యంతయు ఎర్రరాతి నేల. శాస్త్రజ్ఞులు దీనిని లాటరైటు అందురు. 19వ శతాబ్దపు ఆరంభమున బుకానను అను ఆంగ్లేయుడు మలబారు దేశమున ఈ రాతిని చూచి ఆ పేరు పెట్టెను. భూమిలో ఉన్నంతవరకు గొడ్డలికి తెగునంత మెత్తన; పైకి తీసి గాలికి ఆరనిచ్చిన పిమ్మట గట్టిపడును. దీనిలో ఇనుపధాతువు విస్తారము. మన కోట చుట్టు బహమనీలు తొలిపించిన మూడు వరుసల కందకము ఈ రాతిలోనిదే. నౌబాదు నుండి సాగిన భూగర్భపు కాలువయు ఈ రాతిలోనిదే. ఇట్టి రాతిపొడియు, మొరమును పరచిన నేల ఎంత గరుకో వేరుగా చెప్పనక్కరలేదు. వడ్రంగి చేతిలోని గరుకు కాగితము కొయ్యను అరుగదీసినట్లు ఈ నేల తోలును అరుగదీయును. నల్లరేగడి పొలములో రెండేండ్లు వచ్చు జోడు ఇచ్చట అందులో సగము కాలమైనను వచ్చునని ఆశింపరాదు.

తరువాత పనిని చూడుడు. గుమాస్తా బూటు మడమ దగ్గర అరుగును, ఏలయన అతడు నడచును. పనివాని బూటు ముక్కు దగ్గర అరుగును, ఏలయన అతడు మోకరించును. నేలపై టైల్సు పరచువాడు, చలువరాయి పాలిషు పట్టువాడు, ఇనుప కడ్డీలు కట్టువాడు, వెల్డింగు చేయువాడు, వీరందరును మోకాళ్లు నేలకానించి, పాదమును వెనుకకు మడచి, వ్రేళ్లపై బరువు మోపి, అంగుళమంగుళము జరుగుచు పని చేయుదురు. జరిగిన ప్రతిసారియు బూటు ముక్కు నేలను రాచుకొనును. నిచ్చెన ఎక్కువాడు మెట్టును ముందుగా తాకునది ముక్కుతోనే. బండరాతిని దొర్లించువాడు దానిని నిలుపునది ముక్కుతోనే. కావున ముక్కు అరుగుట అజాగ్రత్తకు గుర్తు కాదు, పని జరిగినదనుటకు సాక్ష్యము. అరుగని బూటు తెచ్చి చూపించు పనివానిని చూచి సంతోషించు యజమాని, వాడు ఆ దినమేమి చేసెనో కూడ విచారించుట మేలు.

ఇక ఆ చిరుగు ఎంతదూరము పోవునో వినుడు. తోలునకు పైన నున్నని గట్టి పొర యొకటి, దాని క్రింద వదులైన నారల పొర యొకటి ఉండును. పైపొర ఉన్నంతకాలము నీరు లోనికి దిగదు. అది రాచుకొనిపోయిన మరునాటినుండి లోపలి నారలు నీటిని పీల్చును. ఎండకు ఎండి బిరుసెక్కును. మడత పడినచోట పగులును. సిమెంటు పనివాని గతి మరియు కష్టము. పచ్చి సిమెంటు ఘాటైన క్షారము. తోలును తినివేయును, లోపలికి దిగి చర్మమును కాల్చును. పిమ్మట కుట్టుదారము తెగును, అట్ట విడిపోవును. ఉక్కు టోపీ గల భద్రతా బూటైనచో ఆ ఉక్కు బయటపడును. తడి తగిలి తుప్పు పట్టును, అంచు మొనదేలి వ్రేళ్లను కోయును. విద్యుత్తు పని చేయువానికి బయటపడిన లోహము ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

భారతీయ ప్రమాణము 15298 రెండవ భాగము ప్రకారము తయారైన భద్రతా బూటు ముక్కు 200 జౌళ్ల దెబ్బకు తాళవలెను. అనగా సుమారు 20 కిలోల బరువు ఒక మీటరు ఎత్తునుండి పడినను వ్రేళ్లు నలుగరాదు. మంచిదే. వ్రేళ్లను కాచునది ఉక్కు, ఉక్కును కాచునది తోలు. మరి తోలును కాచువారెవరు? మా ప్రశ్న అంతయు ఇదే.

మాకు ఎదురుచెప్పువారి వాదములు మూడు. మొదటిది, మన పెద్దలు వట్టికాళ్లతో పని చేయలేదా, నాగార్జునసాగరము కట్టిన రాళ్లకూలీలకు ఎవరు బూట్లు తొడిగిరని. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ కట్టడమునకు పొడవెంతో, ఎత్తెంతో, రాయి ఎంత పట్టినదో లెక్కలు ఉన్నవి. అచ్చట నలిగిన కాళ్ల లెక్క ఎవరు వ్రాసి ఉంచిరి? పెద్దలు బాధపడిరి గనుక పిల్లలును బాధపడవలెననుట న్యాయము కాదు. ఈ వాదము చేయువారు తమ దుకాణములలో ఆముదపు దీపము పెట్టుకొనుట మేము చూడలేదు.

రెండవది, ఇచ్చిన బూట్లను కూలివాడు అమ్ముకొనునని. అమ్ముకొనువాడు ఒకడుండిన ఉండవచ్చును. ముక్కు చిరిగిన బూటును కొనువాడెవడు? మనము మాట్లాడుచున్నది చిరిగిన బూట్ల సంగతి. అవి అమ్ముడు పోలేదు; పనిలో అరిగినవి.

మూడవది వ్యయము. మేమును వర్తకులమే, లెక్క మాకును తెలియును. వేయి రూపాయల జత నాలుగు నెలలు వచ్చినదనుకొందము. నెలకు 250 రూపాయలు పడును. నూరు రూపాయలు పెట్టి ముక్కునకు రక్షణ కుట్టించగా అదే జత ఎనిమిది నెలలు వచ్చినచో, 1100 రూపాయలకు నెలకు 137 రూపాయల 50 పైసలే పడును. ధాన్యపు బస్తాకు అర్ధరూపాయి మిగిలినచో ఉస్మాన్‌గంజు అంతయు తిరిగి బేరమాడువారము, ఈ బేరమును చూడకపోవుట వింత.

రక్షణ మార్గములు కష్టమైనవి కావు. కొనునప్పుడే అట్ట రబ్బరు ముక్కు మీదికి ఎక్కివచ్చిన బూటును ఏరుకొనవలెను. ముక్కున రెండవ తోలుపొర ఉన్నదా, అది అంటించుటయేగాక కుట్టబడినదా అని చూడవలెను. ఇట్టిది దొరకనిచో, తొడుగకముందే మోచీకిచ్చి దళసరి తోలుముక్క గాని, పాత ట్యూబు రబ్బరు గాని ముక్కునకు అంటించి, అంచున అట్టతో కలిపి కుట్టించవలెను. ఉక్కు టోపీ ఉన్నచోట మేకులు దిగగొట్టరాదు, రంధ్రములు వేయరాదు. వ్రేళ్ల రక్షణకే భంగము కలుగును.

రెండవ మార్గము లేపనము. పాలీయురిథేను జాతి లేపనములు ఆరిన తరువాత రబ్బరువలె వంగును, కావున బూటునకు తగినవి. ఎపాక్సీ జిగురు గట్టిదే కాని పెళుసు. వ్రేళ్ల దగ్గర బూటు మడతపడు చోట పూసినచో పగిలి ఊడును. ఏది పూసినను ముందుగా పాలిషును, జిడ్డును తుడిచివేసి, గరుకు కాగితముతో కొంచెము రుద్ది, అంచున కాగితపు పట్టీ అంటించి, పలుచగా రెండుసార్లు పూసి, ఒక పగలు ఒక రాత్రి ఆరనీయవలెను. ఇదంతయు బూటు క్రొత్తగా ఉన్నపుడు చేయవలసిన పని. రంధ్రము పడిన పిమ్మట పూయుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

మూడవ మార్గమునకు వెలయే లేదు. మోకరించి పని చేయువాని పాదముల క్రింద మడచిన గోనెసంచి వేయించుడు, లేదా కూర్చుండుటకు పొట్టిపీట యిప్పించుడు. సాయంకాలము బూట్లపై సిమెంటును తడిగుడ్డతో తుడిపించి, నీడలో ఆరబెట్టించుడు. పొయ్యి దగ్గర ఆరబెట్టిన తోలు పగులును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పూర్వము బూట్లకు ఇనుప లాడములు కొట్టించు వాడుక ఉండెను. నున్నని రాతిపై అవి జారును. కొళారు పారిశ్రామిక ప్రాంతమందలి రసాయన కర్మాగారముల వంటి చోట్ల, మండు ద్రవముల ఆవిరి ఉన్న తావున, ఇనుము రాతికి తగిలి లేచిన నిప్పురవ్వ ఒక్కటి చాలును. కావున లాడములు మానవలెను.

చట్టము మాట చెప్పకతప్పదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము మొదలైన 13 చట్టములను కలిపి 2020లో చేసిన వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పనిచోట భద్రతకై చేసిన దేనికిని పనివాని నుండి వెల పుచ్చుకొనరాదని అందులో ఉన్నది. కావున బూట్ల వెలను కూలిలో విరుచుకొను మన సోదరులు ధర్మము మాట అటుండగా చట్టమునకును ఎదురు నడచుచున్నారు. పదిమందికి తక్కువైన పనిచోటునకు చట్టపు చేయి చాలవరకు చాచకపోవచ్చును. ధర్మపు చేయి మాత్రము అచ్చటికిని చాచును.

ఈ పని చేయించవలసినది మోచీ చేత. మనలో కొందరు అతని పేరెత్తుటకే సంకోచింతురు. మనము నివసించునది బసవకల్యాణమున్న జిల్లా. హరళయ్య దంపతులు తమ తొడల చర్మముతో బసవన్నకు పాదరక్షలు కుట్టిరని ఇచ్చటి జనుల విశ్వాసము. ఆ బసవన్న కథను 13వ శతాబ్దమున తెలుగున బసవపురాణముగా రచించినవాడు మన పాలకురికి సోమనాథుడు. ఆ కథను పూజించుచు, వీధి మూలనున్న మోచీతో పది రూపాయలకు గంటసేపు బేరమాడుట మనకు తగదు.

కడపటిది మన భాష సంగతి. జహీరాబాదు, నారాయణఖేడు వైపులనుండి పనికై వచ్చు తెలుగువారు కన్నడమును కొంత మాటాడగలరు కాని చాలమంది చదువలేరు. బూట్ల పెట్టెపై ఇంగ్లీషు, పనిచోట పలకపై కన్నడము, మేస్త్రీ నోట హిందీ. తన వ్రేళ్లను తాను కాచుకొను విధము తన భాషలో వానికి చెప్పువాడు లేడు. రాష్ట్ర భాషయైన కన్నడమును మనము గౌరవింతుము, మన పిల్లలకు నేర్పింతుము. ఆ పలకపైనే రెండు పంక్తులు తెలుగున చేర్చుటకు ఎవరును అడ్డుచెప్పరు. 1956 నుండి అల్పసంఖ్యాక భాషల హక్కులను గూర్చి మహజరులు వ్రాయుచున్న మనము, మన చేతిలోనున్న పలకపై మన అక్షరములు వ్రాయకుండుట ఏమి న్యాయము?

కావున పాఠక మహాశయులకు మేము విన్నవించునవి నాలుగు. కాంట్రాక్టు చేయువారు బూట్ల వెలను కూలిలో విరుచుట ఈ నెలతోనే మానవలెను. బూట్లు అమ్ము మన వర్తకులు ముక్కు రక్షణ గల జతలను తెప్పించి, వాని లాభమును కొంత తగ్గించుకొనవలెను. క్రొత్త బూట్లు పంచు దినమున సంఘము తరఫున ఒక మోచీని పనిచోటనే కూర్చుండబెట్టి, అతని కూలి మనము చెల్లించవలెను. బూట్ల సంరక్షణ విధమును పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయించి పనిచోట్ల కట్టించవలెను. వీనిలో ఏ ఒక్కదానికిని ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు, ఏ కచేరి చుట్టును తిరుగనక్కరలేదు.

గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట మనకు అలవాటైనది. నేడు తోలు అరుగును. రేపు వ్రేలు పోవును. ఆ మీదట ఆ కుటుంబము మన గడపకే వచ్చును. అప్పుడు చందా వ్రాయుటకు మనలో చాలమంది ముందునకు వత్తురని మేమెరుగుదుము. ఆ చందాలో పదవవంతు ఇప్పుడే ఇచ్చినచో ఆ గడప త్రొక్కవలసిన అవసరమే ఉండదు.