పాలన మనకు ఎవరు నేర్పారు?

తెలంగాణవాళ్లకు పాలన చేతకాదన్న మాట ఉమ్మడి రాష్ట్రంలో మన ఉద్యోగులు పడీ పడీ అలసిపోయారు. ఆ మాట అన్నవాళ్లకు సాలార్‌జంగ్ పేరు తెలియదనలేం. మ్యూజియం బోర్డు మీద చూసే ఉంటారు. కాని ఆ మ్యూజియం సేకరణలో ఎక్కువ భాగం మనుమడు మూడో సాలార్‌జంగ్‌ది. తాత పని చూడాలంటే అద్దాల బీరువాల దగ్గర కాదు, జిల్లా కచేరీల దగ్గర నిలబడాలి.

మీర్ తురాబ్ అలీఖాన్ 1853లో దివాన్ అయినప్పుడు వయసు 24 ఏళ్లు. ఖజానా ఖాళీ. సైన్యం ఖర్చు బాకీ కింద బేరార్‌ను అప్పుడే ఇంగ్లీషువాళ్లు తమ చేతిలోకి తీసుకున్నారు. మిగిలిన తాలూకాల్లో ఎన్నో అరబ్బు, రోహిల్లా సాహుకార్ల దగ్గర తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలు గుత్తేదార్లది. సర్కారుకు కట్టేది కట్టి, రైతు నుంచి పిండుకున్నంత పిండుకునేవారు. యువ దివాన్ ముందుగా పట్టుకున్నది ఈ ముడినే. తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. గుత్తేదార్లను తప్పించి జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించాడు. అవ్వల్ తాలూక్‌దార్, తహసీల్దార్ అన్న హోదాలు ఆ ఏర్పాటులో భాగమే. హాలీ సిక్కా, కోర్టులు, పోలీసు, దారుల్ ఉలూమ్ పాఠశాల కూడా ఆ ముప్పై ఏళ్లలో వచ్చినవే. ఇదంతా ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి 70 ఏళ్లకు పైగా ముందు!

అట్లాగని ఆయనను దేవుణ్ని చేయనక్కర్లేదు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు దివాన్ ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాడు. తుర్రెబాజ్ ప్రాణాలు పోయాయి, మౌల్వీ అండమాన్ చేరాడు. అంత చేసినా దివాన్‌కు దక్కిందేమిటి? 1860లో రాయచూర్ దోఆబ్, ధారాశివ్ తిరిగొచ్చాయి గాని బేరార్ రాలేదు. దానికోసం 1876లో లండన్ దాకా వెళ్లాడు. సన్మానాలు చేశారు, ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ ఇచ్చింది, బేరార్ మాత్రం ఇవ్వలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో కన్నుమూసే నాటికీ ఆ బాకీ తీరలేదు.

విద్యార్థులు, ఉద్యోగులు గట్టిగా చదవాల్సింది మరొకటి ఉంది. కొత్త శాఖలు నడపడానికి ఆయన ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను పిలిపించాడు. సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ, మొహసినుల్ ముల్క్ అట్లా వచ్చినవాళ్లే. సమర్థులే, కాదనం. అప్పటికి ఇక్కడ ఇంగ్లీషు చదువు తక్కువన్నదీ నిజమే. కాని బయటి నుంచి మనుషులు వచ్చిన వేగంతో స్థానికులు తయారు కాలేదు. వచ్చినవాళ్లు తమవాళ్లను తెచ్చుకున్నారు. పెద్ద కుర్చీలు నిండిపోయాక ఇక్కడి పిల్లలు బడి దాటి దఫ్తరు గడప దగ్గర ఆగిపోయారు. ములుకీ, గైర్ ములుకీ తగాదా మొలిచింది అక్కడే. అది 1919లో ఏడో నిజాం ములుకీ ఫర్మానా దాకా, 1952లో గైర్ ములుకీ గోబ్యాక్ దాకా, 1969 దాకా నడిచింది. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. 2014లో రాష్ట్రం వచ్చే దాకా అది పూర్తిగా అమలు కానేలేదు.