గ్వాంటనామో: ఖాళీ అయితే చాలదు

సంపాదకులకు,

గత సంచికలో గ్వాంటనామో నిర్బంధ శిబిరంపై వచ్చిన వ్యాసం చదివాను. ఒకప్పుడు మొత్తం మీద 780 మంది దాకా గడిపిన ఆ చెరలో 2025 జనవరి నాటికి 15 మందే మిగిలారని, ఇంకొన్నేళ్లు ఓపిక పడితే అది దానంతటదే ఖాళీ అవుతుందని, దాన్ని మూయడం న్యాయమా కాదా అన్న చర్చకు ఇక కాలం చెల్లిందని వ్యాసకర్త తేల్చేశారు. అంకెలతో నాకు పేచీ లేదు, తేల్చిన తీరుతోనే ఉంది. ఖైదీలు తగ్గిపోయారు, నిజమే. విచారణ లేకుండా మనిషిని ఏళ్ల తరబడి బంధించే అధికారం మాత్రం చెక్కుచెదరలేదు. అది పోనంతకాలం శిబిరం మూతపడినట్టు లెక్క కాదు.

ఇందుకు రుజువు ఆ స్థలం చరిత్రలోనే ఉంది. క్యూబా తీరంలోని ఆ నేలను అమెరికా 1903లో లీజుకు తీసుకుంది. నేల క్యూబాది, పెత్తనం అమెరికాది. అక్కడ ఏ కోర్టు మాట చెల్లుతుందన్న గందరగోళమే ప్రభుత్వాలకు అక్కరకొచ్చింది. 1991లో హైతీలో సైన్యం అధికారం లాక్కోవడంతో వేలమంది పడవలెక్కి పారిపోయారు. వాళ్లను అమెరికా గడ్డ మీద అడుగుపెట్టనివ్వకుండా గ్వాంటనామోకు మళ్లించారు. ఆశ్రయం కోరడానికి తగిన కారణం ఉందని తేలినా, హెచ్ఐవీ ఉందన్న నెపంతో రెండు వందల మందికి పైగా ముళ్లకంచె వెనకే ఉండిపోయారు. 1993లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి స్టెర్లింగ్ జాన్సన్ ఆ నిర్బంధం చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు. శిబిరం మూశారు. ఆ తరవాత క్లింటన్ ప్రభుత్వం అవతలి లాయర్లతో రాజీ కుదుర్చుకుని, రేపు ఇంకెవరూ ఆ తీర్పును ఉదహరించే వీల్లేకుండా రద్దు చేయించుకుంది. మనుషులు బయటికొచ్చారు, దారి మాత్రం తెరిచే ఉంది. తొమ్మిదేళ్లు తిరక్కుండానే, 2002 జనవరి 11న, ఉగ్రవాద అనుమానితులుగా పట్టుకున్న మొదటి 20 మంది ఖైదీలతో విమానం అక్కడే దిగింది.

ఇది పాత కథ అనుకోవద్దు. 2025 జనవరి చివర్లో అధ్యక్షుడు ట్రంప్ అదే స్థావరంలో 30,000 మంది వలసదారులకు చోటు సిద్ధం చేయమన్నారు. ఫిబ్రవరిలో వెనిజులా వాసుల్ని దించారు. వాళ్లలో కొందరిని ఉంచింది అల్‌ఖైదా అనుమానితుల కోసం కట్టిన జైలు భవనంలోనే. దానంతటదే ఖాళీ అవుతుందని వ్యాసకర్త నమ్మిన చోటు కొత్తవాళ్లతో నిండడం మొదలైంది.

అంతమందిని ఊరికే పట్టుకొస్తారా, నిప్పు లేనిదే పొగ రాదు కదా అని కూడా వ్యాసకర్త అన్నారు. కోర్టుల్లో తిరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పొగ ఎవరు పెట్టారో ముందు చూడాలి. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యం కరపత్రాలు జల్లి, తాలిబాన్, అల్‌ఖైదా మనుషుల్ని పట్టిస్తే బోలెడు డబ్బిస్తామని ఊరించింది. ఆ సొమ్ముకు ఆశపడి ఎవరు ఎవర్ని అప్పగించారో అడిగిన నాథుడు లేడు. లఖ్దర్ బూమెదియెన్ సంగతే చూడండి. బోస్నియాలో రెడ్ క్రెసెంట్ సహాయ సంస్థ ఉద్యోగి. ఆయన్ను విడిచిపెట్టమని అక్కడి సుప్రీంకోర్టు ఆదేశిస్తే, ఇంటికి చేరకముందే అమెరికా చేతికి అప్పగించారు. గ్వాంటనామో ఖైదీలకూ హెబియస్ కార్పస్ హక్కు, అంటే తమ నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హక్కు, ఉందని 2008లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఆయన కేసులోనే. ఆ హక్కుతో కింది కోర్టుకు వెళ్తే, బుష్ నియమించిన జడ్జి రిచర్డ్ లియోన్ ఆధారాలు తిరగేసి, వదిలేయమన్నారు. అప్పటికి దాదాపు ఏడేళ్లు పోయాయి.

విడుదలైనవారిలో కొందరు మళ్లీ ఆయుధం పట్టిన మాట వాస్తవం. దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. అయితే అమెరికా నిఘా విభాగాల డైరెక్టర్ కార్యాలయం నివేదికలే ఇంకో మాట కూడా చెబుతాయి. 2009లో ఒక్కొక్కరి ఫైలు విప్పి పరిశీలించడం మొదలైంది. ఆ తరవాత పంపినవారిలో అలా మారినట్టు రూఢి అయినవారు పది శాతం లోపే. అంతకుముందు పంపినవారిలో ఇంతకు రెట్టింపు పైనే. అంటే జనాన్ని కాపాడింది ఎవరెవరో తేల్చుకున్న పరిశీలన.

ఇక సెప్టెంబరు 11 బాధితుల మాట. వాళ్ల పేరు చెప్పే శిబిరాన్ని సమర్థిస్తారు. వాళ్లకు అక్కడ దొరికిందేమిటి? దాడుల సూత్రధారిగా చెప్పే ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను 2003లో పట్టుకున్నారు. సీఐఏ రహస్య జైళ్లలో ఆయన్ను 183 సార్లు నీళ్లతో ఊపిరాడకుండా చేశారు. అలా రాబట్టిన మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా లేదా అన్న వాదనలతోనే గ్వాంటనామోలోని సైనిక కోర్టు, అంటే మిలిటరీ కమిషన్‌లో ఏళ్లు కరిగిపోయాయి. 2024 జులై చివర్లో నేరం ఒప్పుకునేలా, మరణశిక్ష లేకుండా ఒప్పందం కుదిరితే, రెండు రోజులకే రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ రద్దు చేశారు. 2025 జులైలో అప్పీలు కోర్టు ఆ రద్దునే సమర్థించింది. మరోవైపు 1998 నాటి అమెరికా రాయబార కార్యాలయాల పేలుళ్ల కేసులో అహ్మద్ ఘైలానీని గ్వాంటనామో నుంచి న్యూయార్క్ మామూలు కోర్టుకు తీసుకెళ్తే, 2011కల్లా యావజ్జీవం పడింది. బాధితులకు తీర్పు ఎక్కడ దొరికిందో చూడండి.

అక్కడి అధికారం ఎంతదాకా పోతుందో ఒక చిన్న విషయంలో తెలుస్తుంది. జైలు సముద్రం పక్కనే ఉన్నా కంచెలకు టార్పాలిన్ పట్టాలు కట్టి అది కనపడకుండా చేశారు. 2014లో తుపాను హెచ్చరిక రావడంతో వాటిని కొన్ని రోజులు విప్పారు. మొదటిసారి సముద్రాన్ని చూసిన తోటి ఖైదీల గురించి అక్కడి మాజీ ఖైదీ మన్సూర్ అదైఫీ తరవాత రాశారు. ఒక యెమెన్ ఖైదీ అట్టముక్కలు, పాత టీషర్టులు, పళ్లు శుభ్రం చేసుకునే దారంతో తెరచాప ఓడలు కట్టాడు. 2017లో ఖైదీల బొమ్మల్ని న్యూయార్క్‌లో ఒక కాలేజీ ప్రదర్శిస్తే, అవి ప్రభుత్వ ఆస్తి అని పెంటగాన్ అడ్డం తిరిగింది. ఛార్జిషీటు కూడా లేని మనిషి తన చేత్తో చేసిన అట్ట ఓడ తనది కాదట!

పంపించేసి చేతులు దులుపుకున్నా కుదరదు. యూఏఈకి పంపిన యెమెన్ వాసులకు పునరావాసమన్నారు, తీరా అక్కడా జైల్లోనే పెట్టారు. తప్పుగా పట్టుకెళ్లిన ప్రభుత్వమే వాళ్ల బాగోగులు చూడాలి, పరిహారమూ ఇవ్వాలి.

ఒబామా 2009 జనవరి 22న ఏడాదిలోగా మూసేస్తామని సంతకం పెట్టారు. ఖైదీల్ని అమెరికాలోకి తేవడానికి పైసా ఖర్చుపెట్టకూడదని కాంగ్రెస్ అడ్డుపడింది. ఆ నిషేధం ఏటా రక్షణ బడ్జెట్ చట్టంలో మళ్లీ చేరుతోంది. ముందు దాన్ని తీసేయాలి. నేరం మోపగలిగితే మామూలు కోర్టులో మోపాలి, లేకపోతే వదలాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సైనిక చర్యకు అధికారమిచ్చిన 2001 నాటి యుద్ధ తీర్మానాన్ని, దాని కింద గడువు లేని నిర్బంధాన్ని ఖాయం చేసిన 2011 డిసెంబరు చట్ట నిబంధనను రద్దు చేయాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకు అక్కడ ఓటుంది, తమ ప్రతినిధిని నిలదీసే హక్కూ ఉంది. మీ పత్రిక వాళ్లకూ చేరుతుంది కాబట్టి ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఏటా జనవరిలో ఎంతమంది మిగిలారని లెక్కపెట్టే పత్రికలు దానితోపాటు ఇంకో ప్రశ్న వేయాలని నా మనవి: రేపు కొత్తగా ఒకరిని అక్కడికి తీసుకెళ్తే ఆపే చట్టం ఏది? అమెరికా కాంగ్రెస్ అలాంటి చట్టం చేసిన నాడు, 15 మందీ అక్కడే ఉన్నా సరే, మూసివేత మొదలైందని నేను ఒప్పుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాది,
గుంటూరు