‘డి’ డ్రైవులో దాస్తే భద్రమేనా?

మండల కేంద్రాల్లోని ఫొటో స్టూడియోలు, డి.టి.పి. సెంటర్లు, ఆన్‌లైన్ సేవల దుకాణాల్లో పల్లె జనం పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు, పొదుపు సంఘాల లెక్కలు ఉంటున్నాయి. కంప్యూటరు చెడితే వాటి గతేమిటని మాత్రం ఎవరూ అడగడం లేదు.

దుకాణదారులను కదిలిస్తే వచ్చే జవాబు ఒకటే. ‘‘సి డ్రైవులో ఏమీ పెట్టమండీ, అంతా డి లోనే ఉంది. ఏం కాదు’’ అంటారు. ఈ ధీమాకు కారణం లేకపోలేదు. విండోస్ చెడినప్పుడల్లా మెకానిక్ వచ్చి సి ని ఫార్మాట్ చేసి పోతాడు, డి జోలికి వెళ్లడు. రెండు మూడుసార్లు అలా గట్టెక్కేసరికి డి అంటే ఇనప్పెట్టె అనుకుంటున్నారు.

చాలా కంప్యూటర్లలో ఉండేది ఒకే డిస్కు. సి, డి, ఇ అన్నీ దాని భాగాలే. ఒకే పెంకుటింట్లో అడ్డుగోడలు కట్టి మూడు గదులు చేసుకున్నట్టు. ఇల్లు కూలితే ఏ గది నిలుస్తుంది? డిస్కు కాలితే మూడూ ఒక్కసారే పోతాయి. ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు గుంజే వైరస్‌లూ సి అనీ డి అనీ చూడవు. ఆ సమయానికి తగిలించి ఉన్న పెన్‌డ్రైవునూ వదలవు.

డెస్క్‌టాప్ మీద పెట్టినవి మామూలుగా సి లోనే ఉంటాయన్న సంగతి ఫార్మాట్ అయ్యాక గాని కొందరికి తెలియదు. అను ఫాంట్లలో కొట్టిన దరఖాస్తుల కథ మరీ విచిత్రం. ఫైలు డి లో క్షేమంగానే ఉంటుంది. అను స్క్రిప్టు మాత్రం సి తోపాటే పోతుంది. దాన్ని మళ్లీ ఎక్కించేదాకా తెరమీద కనిపించేవి పిచ్చిగీతలే.

విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో మామూలుగా ఆగిపోయాయి. పాత కంప్యూటర్లు మార్చేవారికి, విండోస్ 11 కొత్తగా ఎక్కించుకునేవారికి ఇది ప్రమాదపు ఘడియ. విండోస్ ఎక్కించేటప్పుడు తెరమీద సి, డి అని కనిపించవు. పార్టిషన్ 1, 2, 3 అని వరుసగా ఉంటాయి. సైజు చూసి పోల్చుకోవాలి. తొందరలో ఒక వరుస తప్పి ‘డిలీట్’ నొక్కితే డి కాస్తా ఖాళీ అవుతుంది.

అందుకే నకలు బయటి డిస్కులోనే ఉండాలి. వారానికోసారి ఎక్కించి, వెంటనే ఊడదీసి, దుకాణంలో కాక ఇంట్లో పెట్టాలి. విండోస్‌నూ యథాతథంగా దాచుకోదలిస్తే ఒక్క సి సరిపోదు. కంప్యూటరును లేపే చిన్న పార్టిషన్ ఒకటి కంటికి కనిపించకుండా ఉంటుంది. అదీ కలిసేలా డిస్కు మొత్తానికి ఇమేజి తీయాలి. అది లేకుండా కొత్త డిస్కులో సి ఒక్కదాన్నే దించితే కంప్యూటరు లేవదు.

దాచిన నకలును తెరిచి చూసేవారూ అరుదే. మెకానిక్‌కు పని అప్పగించేముందే నకలులోంచి పది పాత ఫైళ్లు మరో కంప్యూటరులో తెరిచి చూడాలి. పెళ్లివారు కూడా స్టూడియోకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రెండో కాపీ ఎక్కడ పెడతారో అడగాలి. ‘‘డి లో’’ అంటే ఒప్పుకోకూడదు.