అగడ్త కూడా కోటే

ఓరుగల్లు కోటకు వెళ్లినవారు తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరిగివస్తారు. అగడ్తను ఆగి చూసేవారు తక్కువ.

గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోట చుట్టూ ఒక అగడ్త. దాని ఆవల మట్టికోట, ఆ వెలుపల మరో అగడ్త. శత్రువును అంచెలంచెలుగా నిలువరించిన గొప్ప పనితనం ఇది. 1310 ముట్టడిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనలు అగడ్తను పూడ్చి ముందుకు రావాల్సి వచ్చిందని కవి అమీర్ ఖుస్రో రాశాడు.

ఓరుగల్లు కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను చట్టం నిషేధించింది. ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాతిగోడకు ఇచ్చే విలువ అగడ్త నీటికీ, మట్టికట్టకూ దక్కాలి. పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ కలిసి అగడ్తల హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. చెత్త, మురుగు అందులో చేరకుండా వెంటనే ఆపాలి.