మగ్గం ఇంటి పిల్లకు పేదరికం చూపిస్తారా?

డిగ్రీ విద్యార్థి 180 గంటలు ఊళ్లో పనిచేయాలి, లాగ్‌బుక్ రాయాలి, చివర్లో నివేదిక ఇవ్వాలి. అప్పుడు 4 క్రెడిట్లు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి తప్పనిసరి చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇది. విద్యార్థిని తరగతి గది దాటించి సమాజంతో కలిపే దారి తెరిచామని దీన్ని చూపించి చెబుతున్నారు. గంటలు ఎక్కువా తక్కువా, క్రెడిట్లు సరిపోతాయా లేదా అన్నదాని మీద మాకు పేచీ లేదు. మాకు మింగుడుపడనిది మార్గదర్శకాల్లో లక్ష్యాలుగా రాసుకున్న మాట. చుట్టూ ఉన్న జనం ఎలా బతుకుతున్నారో విద్యార్థికి తెలిసేలా చేయడం, సమాజంలోని కఠిన వాస్తవాలను గ్రహింపజేయడం, వారి ఆలోచనా ధోరణిని మార్చడం ఈ ప్రాజెక్టు ఉద్దేశమని అందులో ఉంది.

ఎవరికి తెలిసేలా చేస్తారు?

బండారులంక అమలాపురానికి కూతవేటు దూరం. అక్కడి నేత ఇంట్లో పుట్టిన ఆడపిల్ల అమలాపురంలో బీకామో బీఎస్సీయో చదువుతోందనుకుందాం. ఆమె పుట్టేనాటికే ఇంట్లో గుంట మగ్గం ఉంది. నాన్న గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తుంటే అమ్మ రాట్నం దగ్గర కండెలు చుట్టింది. అక్షరాలు దిద్దకముందే ఆ పిల్లకు పడుగేదో పేకేదో తెలుసు. వానాకాలం గుంటలో నీరూరితే మగ్గం ఆగుతుందని, మగ్గం ఆగితే మజూరీ ఆగుతుందని, మజూరీ ఆగితే కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుందని తెలుసు. చీరకు ఇంతని ఇచ్చే కూలి నాన్న పేరున రాస్తారనీ, అమ్మ చుట్టిన కండెలకు, నానమ్మ చిక్కు తీసిన నూలుకు వేరే లెక్క ఉండదనీ తెలుసు. ఇన్ని తెలిసిన పిల్ల చేతిలో ప్రశ్నావళి పెట్టి, వెళ్లి జనం ఎలా బతుకుతున్నారో చూసి రమ్మంటున్నారు.

ఇలాంటి సర్వే ఏదైనా ఒకే తీరున మొదలవుతుంది. ఇంట్లో ఎంతమంది, వృత్తి ఏమిటి, నెలకు ఆదాయం ఎంత, అప్పు ఉందా, మరుగుదొడ్డి ఉందా. పక్కింటి అత్త దగ్గర కూర్చుని ఆ పిల్ల ఇవన్నీ అడగాలి. అత్త ఏం చెబుతుందో ఆమెకు ముందే తెలుసు. తెలుసన్న సంగతి అత్తకూ తెలుసు. నిన్న సాయంత్రం చేబదులు అడగడానికి వచ్చిన ఇంటికే ఇవాళ కాగితం పట్టుకుని వచ్చి, ఎన్నడూ చూడని మనిషిలా నెల ఆదాయం అడగడం ఎంత ఇబ్బందో నివేదికలు దిద్దేవారికి తట్టదు. ఆ ఇబ్బందికి ఇక్కడ చైతన్యమని పేరు పెట్టారు.

నేత ఇళ్ల సంగతే కాదు. కొబ్బరి చెట్లెక్కే దింపు కార్మికుల పిల్లలు కోనసీమ కళాశాలల్లో ఉన్నారు. ఇళ్లలో పనికని తల్లి కువైట్‌కో మస్కట్‌కో వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగి డిగ్రీకి వచ్చినవారున్నారు. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల ఇళ్లలో అయిదారేళ్ల వయసున్న పిల్లలు తర్వాత ఇవే తరగతి గదుల్లోకి వచ్చారు. చేలు బీడు పడితే ఇల్లెలా ఉంటుందో వాళ్లు పుస్తకంలో చదవలేదు. ఈ పిల్లలకు కఠిన వాస్తవాలు తెలియవని, వాటిని 180 గంటల్లో గ్రహింపజేయాలని ఒక ప్రభుత్వ పత్రంలో రాసుకోవడం అవమానకరం. మెత్తని మాటల్లో చెప్పినంత మాత్రాన అవమానం తగ్గదు.

విద్యార్థికి ఊరు తెలియదన్న ఈ ఊహ ఎక్కడిదో చరిత్ర చూస్తే అర్థమవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంతకుముందే ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేయాలన్న ఆలోచన ఆ కమిషన్ నివేదికలో ఉంది. 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైంది. డిగ్రీ చదువు కొద్దిమందికే అందే రోజులవి. కాలేజీకి వచ్చే కుర్రాడు చాలావరకు ఉన్నవాళ్ల బిడ్డే కాబట్టి, అతన్ని ఊరికి పంపడంలో అర్థముంది. ఆ తర్వాత తరగతి గదిలో కూర్చునేవారు మారిపోయారు. ఊరే కాలేజీకి వచ్చింది. మార్గదర్శకాలు రాసేవారు మాత్రం ఆ పాత కుర్రాణ్నే మనసులో పెట్టుకుని రాస్తున్నారు. పైగా రాధాకృష్ణన్ స్వచ్ఛందమన్న చోట తప్పనిసరి అని చేర్చారు.

గ్రామ వలంటీర్లు సేకరించిన సమాచారానికి ఈ సర్వే నకలు అనుకోవద్దని, దీన్ని మరో ఆధారంగా చూడాలని కూడా ఆ మార్గదర్శకాల పత్రంలో ఉంది. నకలవుతుందేమోనన్న సందేహం రాసినవారికే కలిగినప్పుడు, ఆ నివేదిక చివరికి ఎవరి బల్ల మీదికి వెళుతుంది, చదివి జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరిది అన్నది రాయాల్సింది. విద్యార్థి ఎన్ని గంటలు తిరిగిందో లెక్క ఉంది, లాగ్‌బుక్‌లో సంతకం ఉంది, మార్కులున్నాయి. ఆమె రాసినదానికి పంచాయతీగానీ చేనేత శాఖగానీ ఫలానా గడువులోగా బదులివ్వాలన్న నిబంధన లేదు. విద్యార్థుల్లో జవాబుదారీతనం పెంచడం కూడా తమ లక్ష్యమని అదే పత్రం చెబుతోంది. మగ్గం గుంటలో నీరూరుతోందని రాసిన పిల్లకు జవాబు చెప్పాల్సినవారెవరో చెప్పకుండా, జవాబుదారీతనం ఆమె నేర్చుకోవాలనడం ఏం న్యాయం?

ఇంతవరకు ఊరికి వెళ్లి మాట్లాడే చొరవ లేని పిల్లలకు ఈ ప్రాజెక్టు వల్ల సర్పంచి ముందు, అధికారి ముందు నోరు విప్పే అవకాశం దొరికిందంటే ఒప్పుకుంటాం. అది చిన్న మేలు కాదు.

కానీ ఆ పిల్లకు లేనిది ఊరి గురించిన జ్ఞానం కాదు. తెలిసినదాన్ని పట్టుకుని అడిగే చోటు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి పడితే సర్టిఫికెట్టు చేతికి రాదేమోనని భయపడేది ఆమె. సాయంత్రం తరగతి అయ్యేసరికి ఊరికి బస్సుందా లేదా అని చూసుకునేది ఆమె. వీటి మీద కళాశాల ఏం చేయాలో తేల్చే సమావేశంలో ఆమె ఎన్నుకున్న మనిషి ఒక్కరూ ఉండరు. తరగతి గది బయట పాల్గొనడానికి మొట్టమొదటి అర్థం ఆ సమావేశంలో చోటు దొరకడమే. మిగతావన్నీ దాని తర్వాత వస్తాయి.

61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 1989 మార్చి 28 నుంచి అది అమల్లో ఉంది. లోక్‌సభకు సభ్యుణ్ని ఎన్నుకునే తెలివి డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థికి ఉందని దేశం ఒప్పుకున్న కాలమది. దాదాపు అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. రాష్ట్రం రెండయింది, ప్రభుత్వాలు అటూ ఇటూ మారాయి, ఆగినవి ఆగినట్టే ఉన్నాయి. బండారులంక పిల్లకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటొస్తే అక్కడ విద్యార్థి సంఘానికి ఓటేస్తుంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో చేరితే ఆ హక్కు ఉండదు. ఈ తేడాకు ఏ ప్రభుత్వమూ ఇంతవరకు సరైన కారణం చెప్పలేదు.

చెప్పే కారణం ఒక్కటే. ఎన్నికలు పెడితే క్యాంపసుల్లోకి కులం, హింస వస్తాయంటారు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో జరిగిన విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్యను మరిచిపోయినవారు లేరు, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోం. అయితే ఈ వాదనను అమలాపురంలో నిలబడి వినిపించగలరా? 2022 మే 24న జిల్లా పేరు మార్పుపై రేగిన అల్లర్లలో ఈ పట్టణంలో ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలిపోయాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్నవారిలో ఎందరో కుర్రవాళ్లు. అప్పటికి మూడు దశాబ్దాలకు పైగా మన కళాశాలల్లో సంఘాల ఎన్నికల్లేవు. ఎన్నికలు లేకపోతే కులం రాదు, హింస రాదు అన్నవారి మాటే నిజమైతే ఆ రోజు జరగకూడదు. ఆ కుర్రాళ్లను పోగేసింది విద్యార్థి సంఘం కాదు, వాట్సాప్ సందేశాలు. వేరే కులం కుర్రాడి దగ్గరికి వెళ్లి ఓటడగాల్సిన అవసరం, ఓడిపోయి మర్నాడు అదే బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాల్సిన అవసరం వారి చదువులో ఎన్నడూ రాలేదు. ఆ అలవాటు పడకుండా చేసింది ప్రభుత్వాలే.

హింసకు మందు కూడా ఎప్పుడో రాసిపెట్టి ఉంది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5 వేల రూపాయలు మించకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. ముఖ్య పదవికి ఒక్కసారే పోటీ. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలి. డబ్బున్నవాడు, రౌడీ, ఏళ్ల తరబడి కాలేజీ వదలని నాయకుడు ముగ్గురినీ ఈ నిబంధనలు ఆపగలవు. ఆపలేనిది ఎన్నికలే పెట్టని ప్రభుత్వాన్ని.

సేవ వద్దనడం లేదు. చేతిలో విద్యతో వెళ్లేదే సేవ. మెక్సికోలో వైద్య విద్యార్థులు 1936 నుంచి చదువు చివర్లో పల్లెలకు వెళ్తున్నారు, రోగికి మందు ఇవ్వగలిగినవారిగా వెళ్తున్నారు. మన బీకాం విద్యార్థి చేనేత సొసైటీ పద్దులు చూసి, సభ్యుడికి రావాల్సిన బకాయి ఎంతో కాగితం మీద పెట్టి ఇవ్వగలదు. రసాయనశాస్త్రం చదివే పిల్ల రంగు నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయో, వాటిలో ఏముందో పరీక్షించగలదు. చేనేతకు మాత్రమే కేటాయించిన 11 రకాల వస్త్రాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లో చేసిన చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని చేత పట్టుకుని నలుగురు విద్యార్థులు బట్టల దుకాణాలు తిరిగి, చేనేత పేరుతో అమ్ముతున్నది నిజంగా మగ్గం మీద నేసిందేనా అని అడిగితే బండారులంకకు ఎంత మేలో ఆలోచించండి. ఆ ప్రశ్న అడిగిన పిల్ల మీద ఎవరైనా కళ్లెర్రజేస్తే ఆమె వెనుక నిలబడటానికి ఎన్నికైన సంఘం ఉండాలి. అది లేకుండా ఒంటరిగా దుకాణం మెట్లెక్కమని ఏ తల్లీ తన బిడ్డకు చెప్పదు.

కాబట్టి ఉన్నత విద్యామండలి, ప్రభుత్వం చేయాల్సిన పనులు రెండు. మార్గదర్శకాల్లో కఠిన వాస్తవాలను గ్రహింపజేయాలన్న లక్ష్యాన్ని తీసేసి, విద్యార్థి నివేదికను గ్రామసభ ముందు చదివించాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలని ఉన్నప్పుడు, ఊళ్లో 180 గంటలు తిరిగి రాసినదానికి సంబంధిత శాఖ అదే గడువులో బదులివ్వడం అసాధ్యమేమీ కాదు. రెండోది ఎన్నికలు. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య అవి జరగాలని లింగ్డో కమిటీ చెప్పింది. వచ్చే విద్యా సంవత్సరంలో ఆ వారాలు ఎప్పుడొస్తాయో క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది. ఆ తేదీని ప్రభుత్వం ఇప్పుడే ప్రకటించాలి.