కూతకెళ్ళేది ఒక్కడే… కానీ!

కబడ్డీ సీజన్ నడిచే నెలల్లో సత్తెనపల్లి తాలూకా సెంటర్లో టీకి ఆగితే రెండు విషయాలు చెవినపడక తప్పదు. ఒకటి పత్తి రేటు, రెండోది తెలుగు టైటాన్స్. మొదటిది ఎవరి చేతుల్లోనూ లేదని అందరికీ తెలుసు కాబట్టి దానిమీద నిట్టూర్పులే తప్ప వాదనలుండవు. రెండోదీ ఎవరి చేతుల్లోనూ లేదు. అయినా దానిమీద మాత్రం గ్లాసులో టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు.

వాదించేవాళ్ళు ముఖ్యంగా ముగ్గురు. ఒకరు కమీషన్ కొట్టు గుమస్తా. ఆయనకు రైడర్ అంటే ప్రాణం. ఫుట్‌బాల్‌కి స్ట్రైకర్ ఎలాగో కబడ్డీకి రైడర్ అలాగ. అవతలి బరిలోకి కూతకెళ్ళి పాయింట్లు తెచ్చేది వాడే కదా! గుమస్తాగారి లెక్కలో జట్టంటే ఒక మంచి రైడరూ, ఫొటోలో నిలబడ్డానికి మరో ఆరుగురూ. రెండో మనిషి ఆటో నడుపుతాడు. పాతికేళ్ళ కిందట ఊరి జట్టులో ఎడమ కార్నర్. చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. గెలిపించేది పట్టేవాడే తప్ప కూతపెట్టేవాడు కాదన్నది ఆయన సిద్ధాంతం. మూడోవారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన ఎవరి పక్షమూ తీసుకోరు, ఇద్దరి తప్పులూ దిద్దుతారు. పక్కన నిలబడి వినే ఇంటర్ కుర్రాడొకడున్నాడు. వాడి సంగతి తర్వాత.

ఈ తగవుకి పదేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు టైటాన్స్ కూతగాడు రాహుల్ చౌదరి. ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ కుర్రాడు. పల్నాడు జనం మాత్రం మాచర్ల మనవడిలాగే చూసుకున్నారు. 2015లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2016లో జరిగిన నాలుగో సీజన్లో రైడ్ పాయింట్లలో రాహుల్‌ని మించినవాడు లేడు, జట్టు సెమీస్‌కి చేరింది. ఆ తర్వాత ప్లేఆఫ్స్ అనే మాట తెలుగువాళ్ళకి తొమ్మిదేళ్ళపాటు టీవీలో పక్క జట్ల గురించి వినేదే అయిపోయింది!

2018 సీజన్ తర్వాత రాహుల్ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది 1.45 కోట్లు పోసి మహారాష్ట్ర కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. బాహుబలి అని ముద్దుపేరు. 2019లో అతను 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 12 జట్లలో 11వది.

“చూశారా! ఒక్కడు ఆడితే ఇంతే” అన్నాడు ఆటో మనిషి.

“ఆ ఒక్కడూ లేకపోతే పన్నెండోది అయ్యేదయ్యా” అన్నాడు గుమస్తా.

ఆయన నోటి చలవేమోగానీ ఆ ముచ్చటా తీరింది. కరోనా కారణంగా ప్రేక్షకుల్లేకుండా బెంగళూరులో జరిపిన 2021–22 సీజన్లో దేశాయ్ మొదట్లోనే గాయపడ్డాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. ఖాళీ స్టేడియంలో ఆడటం మన జట్టు అదృష్టమని టీకొట్టు యజమాని అన్నమాట సెంటరంతా తిరిగింది.

సరే, 2022లో ఆటో మనిషి కోరుకున్నట్టే జరిగింది. రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ భైన్స్‌వాల్… పట్టులో పేరుమోసిన వాళ్ళంతా ఒకే జట్టులో! “ఇక చూసుకోండి, మన బరిలో అడుగుపెట్టినోడు తిరిగెళ్ళడు” అని ఆయన మీసం మెలేశాడు. గెలిచింది 2, ఓడింది 20. ఆ మూడు నెలలూ ఆటో తాలూకా సెంటర్లో ఆగకుండా సందుల్లోంచి తిరిగెళ్ళేదని గుమస్తా ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

ఆ నవ్వు కూడా ఎంతోకాలం నిలవలేదు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం టైటాన్స్ పోసింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు. అప్పటికి కబడ్డీలో అంత ధర పలికిన మనిషి లేడు. 2019 జనవరిలో ఫైనల్లో ఒంటిచేత్తో 22 పాయింట్లు తెచ్చి బెంగళూరుకి కప్పు అందించినవాడు మరి! గుమస్తా ఆ సాయంత్రం అందరి టీ డబ్బులూ తనే ఇచ్చాడు. పవన్ ఏ లోటూ చెయ్యలేదు, 200 రైడ్ పాయింట్లు దాటించాడు. టైటాన్స్ గెలిచినవి మళ్ళీ రెండే. మూడు సీజన్లు కలిపి లెక్కేస్తే 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ ఆఖరి స్థానమే.

అభిమాని అన్నవాడు ఈ అంకెలు చూశాక ఛానెల్ మార్చెయ్యాలి. కానీ అదేం విచిత్రమోగానీ జట్టు ఎంత ఓడితే వాదన అంత పెరిగింది. గెలిచే జట్టు గురించి మాట్లాడుకోడానికేముంటుంది?

రోజూ ఇదే గోల విని విని ఒకరోజు మాస్టారు టీకొట్టు బల్లమీద ఏడు ఖాళీ గ్లాసులు వరసగా పెట్టారు.

“ఇదిగో, ఇది మన జట్టు. ఈ మధ్య గ్లాసు పవన్. కూతకెళ్ళాడు, దొరికిపోయాడు. బయటికి.” ఆ గ్లాసు తీసి పక్కన పెట్టారు. “ఇప్పుడు వాడు రెండున్నర కోట్ల ఆటగాడా, బెంచీమీద కూర్చున్న ప్రేక్షకుడా?”

“ప్రేక్షకుడే అనుకోండి. అయితే?” అన్నాడు గుమస్తా.

“మళ్ళీ లోపలికి రావాలంటే ఏం జరగాలి? మనవాళ్ళలో ఇంకొకడు అవతలివాణ్ణి ముట్టుకునైనా రావాలి, లేదా వాళ్ళ రైడర్‌ని పట్టైనా పట్టాలి. బోనస్ పాయింటుకి ఎవరూ బతకరు. పైగా బయటికెళ్ళిన వరసలోనే లోపలికి రావాలి. వాడికంటే ముందు ఇద్దరు బయట ఉన్నారనుకో, ఆ ఇద్దరూ వచ్చాకే వీడి వంతు. అంటే మూడు పాయింట్లు కావాలి. అవి తెచ్చేవాడెవడు?”

గుమస్తా గ్లాసుల వంక చూశాడు. ఆటో మనిషి ఆయన వంక చూశాడు.

“రైడుకి ముప్పై సెకన్లు. అటో రైడు, ఇటో రైడు. మనవాళ్ళు పట్టలేక చేతులు జార్చుకుంటుంటే ఆ రెండున్నర కోట్లూ బెంచీమీద నాలుగైదు నిమిషాలు మూలుగుతాయి. ఆటే నలభై నిమిషాలు కదా! అందుకే కొన్ని జట్లు ఏం చేస్తాయో తెలుసా? లోపల ఒక్కడే మిగిలినప్పుడు వాడు కావాలనే ఔటైపోతాడు. ఆలౌట్‌కి అవతలివాళ్ళకి రెండు పాయింట్లు అదనంగా పోయినా సరే, ఏడుగురూ తిరిగొస్తారు, వాళ్ళతోపాటు అసలు రైడరూ వస్తాడని.”

“అంటే నేను చెప్పిందే కదా మాస్టారూ! పట్టు ముఖ్యమని” ఆటో మనిషి హుషారుగా లేచాడు.

“కూర్చోవయ్యా. 2022లో నీ పట్టుగాళ్ళంతా ఉండి ఏం పట్టారు? కార్నర్ దూకినప్పుడు పక్కనున్న కవర్ కూడా అదే క్షణంలో కదలాలి. ఒకడు ముందు దూకి రెండోవాడు ఆలోచిస్తూ నిలబడితే రైడర్‌కి ఇద్దరూ దొరుకుతారు. నలుగురు పేరున్నవాళ్ళని తెచ్చినంత మాత్రాన గొలుసు అవుతుందా? గొలుసు కావాలంటే కలిసి ఆడాలి, ఏళ్ళు పట్టుద్ది. మనం ఏటేటా జట్టుని మార్చేస్తిమి.”

నిజానికి ఈ విషయంలో ఇద్దరూ తలో సాక్ష్యం తెచ్చుకోవచ్చు. పవన్‌ని కొన్న 2023 వేలంలోనే ఇరాన్ కార్నర్ మొహమ్మద్‌రెజా షాద్లూయిని పుణెరి పల్టన్ 2.35 కోట్లకు కొంది, కప్పు గెలిచింది. మరుసటి సీజన్లో అతను హరియాణా స్టీలర్స్‌కి వెళ్ళాడు, కప్పు అక్కడికి వెళ్ళింది. ఇక ఆటో మనిషిని పట్టేవాళ్ళు లేరు! అయితే 2025లో అదే షాద్లూయి గుజరాత్‌కి మారాడు, ఆ జట్టు ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. అటు చూస్తే 2022లో పవన్‌ని తమిళ్ తలైవాస్ కొనుక్కుంది. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని అతను సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తలైవాస్ మొదటిసారి సెమీస్‌కి చేరింది ఆ సీజన్లోనే.

పల్నాడువాళ్ళకి ఒంటరి వీరుడంటే మక్కువ ఎక్కువ. కారెంపూడి కథలు వింటూ పెరిగినవాళ్ళాయె! 2003లో ‘ఒక్కడు’ వచ్చినప్పుడు అందులో మహేశ్‌బాబు కబడ్డీ ఆటగాడు కావడంతో కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా కూతపిచ్చి పట్టుకుంది. ఆ మాటే గుమస్తా ఎత్తితే మాస్టారు అడిగారు: “బాలచంద్రుడి పక్కన తమ్ముళ్ళు లేరుటయ్యా?” దానికి గుమస్తా దగ్గర జవాబు లేదు. మరో టీ చెప్పాడు.

2024లో కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక గాలి మారింది. పవన్‌ని 1.725 కోట్లకు నిలబెట్టుకున్నారు. మధ్యలో అతను గాయంతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. జట్టు మునిగిపోతుందనుకుంటే విజయ్ మలిక్ కూత అందుకున్నాడు. 22లో 12 గెలుపులు! అప్పట్లో ప్లేఆఫ్స్‌కి ఆరు జట్లే వెళ్ళేవి, మనది ఏడోది. అయినా ఆ ఏడాది సెంటర్లో తలెత్తుకుని తిరిగారు. 2025లో పవన్ జట్టులో లేడు. విజయ్ మలిక్ కెప్టెన్, కొత్తగా వచ్చిన భరత్ హుడా కూతగాడు. ఇద్దరిలో ఎవరూ కోటి దాటినవాళ్ళు కారు. విశాఖలో తొలి మ్యాచ్ ఓడి మొదలుపెట్టిన జట్టు ప్లేఆఫ్స్‌లో బెంగళూరుని ఓడించి, పట్నాని ఇంటికి పంపింది. అక్టోబరు 29న పుణెరి మీద గెలిస్తే ఫైనల్.

50–45. ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే పేపరు బల్లమీద పరిచారు. గుమస్తా 45 మీద వేలు పెట్టాడు. “అంత పెద్ద మ్యాచ్‌లో నలభై అయిదు! ఇదయ్యా రైడింగంటే. వీళ్ళకి జతగా ఇంకొకడు ఉండుంటే…” ఆటో మనిషి 50 మీద వేలు పెట్టాడు. “నలభై అయిదు తెచ్చి కూడా ఓడారంటే యాభై ఇచ్చింది ఎవరంటా?” మాస్టారు ఆరోజు ఏమీ దిద్దలేదు. మూడు సీజన్లు అడుగున పడి ఉన్న జట్టు ఫైనల్‌కి అయిదు పాయింట్ల దూరంలో ఆగింది. ఆ బాధ ముగ్గురిదీ.

ఇక ఆ కుర్రాడి సంగతి. కాలేజీ జట్టులో కుడి కార్నర్ ఆడతాడు. కిందటేడు ఉన్నట్టుండి రైడర్ అవుతానని పట్టుబట్టాడు. కారణం అడిగితే, “కార్నర్‌ని ఎవరు చూస్తారు బాబాయ్? వీడియో తీసేదీ రైడర్‌నే, చప్పట్లు కొట్టేదీ రైడర్‌కే” అన్నాడు. వాడన్నదాంట్లో తప్పులేదు. టైటాన్స్ చొక్కా మీద తెలుగు అన్న మాట ఉందిగానీ, ఇన్నేళ్ళుగా ఆ చొక్కా తొడుక్కుని వెలిగిన పెద్ద పేర్లన్నీ బిజ్నోర్, కొల్హాపూర్, ఢిల్లీ, రోహ్‌తక్ దారి పట్టి వచ్చినవే. హరియాణా పల్లెల్లో కుర్రాళ్ళకి మ్యాట్ మీద రోజూ సాధన ఉంది, పైస్థాయికి వెళ్ళడానికి మెట్లున్నాయి. ఇక్కడి కుర్రాడు మట్టిలో మోకాళ్ళు చెక్కుకుని, సంక్రాంతికి ఊళ్ళో జరిగే పోటీల్లో నాలుగు మ్యాచ్‌లాడి, ఫిబ్రవరికల్లా పరీక్షల్లో పడతాడు. ఆ నాలుగు మ్యాచ్‌లే వాడికి లీగు. అక్కడ ఎవరు చూస్తారు, ఏమిస్తారు అన్నది వాడికి చిన్న విషయం కాదు.

అందుకే 2025 సీజన్ ముగిశాక తగవు టీవీ వదిలి చందా పుస్తకం మీదికొచ్చింది. ఊరి పోటీల బహుమతుల జాబితా రాసేది గుమస్తాయే. బెస్ట్ రైడర్‌కి అయిదు వేలు, బెస్ట్ క్యాచర్‌కి రెండు వేలు అని ఎప్పటిలాగే రాసుకొచ్చాడు.

ఆటో మనిషి పుస్తకం లాక్కున్నాడు. “ఏందిది? పట్టేవాడి ఎముకలు చవకా?”

“దాతలు రైడర్ పేరు చెబితేనే ఇస్తారయ్యా.”

“మొత్తం ఏడు వేలేగా. చెరి సగం రాయి. మూడున్నర, మూడున్నర.”

“అట్టా చేస్తే పక్క ఊరి మంచి రైడర్లు మన పోటీకి రారు!” గుమస్తా కంగారుపడ్డాడు.

“రాకపోతే పీడా పోయె. మనోళ్ళు ఒక్క ఏడాదైనా గెలుస్తారు” అన్నారు మాస్టారు.

కుర్రాడు ముందుకి వంగి పుస్తకంలోకి చూస్తున్నాడు. గుమస్తా వాడి వంక ఒకసారి, ఆటో మనిషి వంకర వేలి వంక ఒకసారి చూసి, రెండు వేల అంకె కొట్టేశాడు. కొత్త అంకె ఇంకా వెయ్యలేదు. మూడు వేలా, మూడున్నరా అన్నదానిమీద బేరం సాగుతోంది.